కత్తెరతో పాటు కంచమూ పోయింది

హంగరీలో కమ్యూనిస్టు పాలన సాగిన రోజుల్లో సాంస్కృతిక రంగాన్ని చాలాకాలం తన గుప్పిట్లో పెట్టుకున్న మనిషి గ్యోర్గి అట్సేల్. ఆయన పద్ధతిని అక్కడివాళ్లు 'మూడు ట'లు అనేవాళ్లు. హంగేరియన్ భాషలో ఆ మూడు మాటలూ 'ట' శబ్దంతోనే మొదలవుతాయి. మొదటిది ప్రభుత్వం పోషించే కళ. రెండోది చూసీ చూడనట్టు వదిలేసేది. మూడోది నిషేధించేది. ఏ కవిత అయినా, నాటకమైనా, సినిమా అయినా ఈ మూడు గదుల్లో ఏదో ఒకదాంట్లోకి పోవాల్సిందే. తమాషా ఏమిటంటే ఆ గదుల మధ్య గోడలు ఒకచోట ఉండేవి కావు. నిరుడు నిషేధించిన రచయిత ఈ ఏడు వదిలేసిన జాబితాలోకి రావచ్చు, పై ఏడు బహుమతి కూడా అందుకోవచ్చు. ఎప్పుడు ఏ గోడ జరుగుతుందో తెలియని టెన్షన్‌తో రచయితలు తమ కలాన్ని తామే అదుపులో పెట్టుకునేవాళ్లు.

కమ్యూనిస్టు దేశాల సంస్కృతి గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా మూడో గది గురించే చెబుతారు. సెన్సారు, నిషేధాలు, జైళ్లు. అవన్నీ నిజమే. అయితే మొదటి గది అంతకన్నా చాలా పెద్దది. దేశంలో ప్రతి నాటక సంస్థకీ జీతాలు ఇచ్చేదీ, పుస్తకం ధరని కాగితం ఖర్చుకన్నా తక్కువలో ఉంచేదీ, ఊరూరా సంస్కృతీ భవనం కట్టించేదీ ఆ గదే. 1989లో ఆ ప్రభుత్వాలు కూలాక మూడో గది తలుపులు బద్దలైనప్పుడు అందరూ పండగ చేసుకున్నారు. మొదటి గది పైకప్పు కూలుతున్న చప్పుడు ఆ హడావిడిలో ఎవరికీ వినిపించలేదు. తూర్పు ఐరోపా సాంస్కృతిక విధానంలో ఆ తర్వాత మూడున్నర దశాబ్దాలుగా నడుస్తున్న గొడవంతా దాదాపు ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది: అన్నం పెట్టే చెయ్యి, నోరు నొక్కే చెయ్యి ఒకే మనిషివైనప్పుడు ఒకదాన్ని ఉంచుకుని ఇంకొకదాన్ని వదిలించుకోవడం ఎలా?

ముందు అన్నం పెట్టే చెయ్యి ఎలా పనిచేసిందో చూడాలి. పోలండ్‌లో 1982లో సంస్కృతి అభివృద్ధి నిధి ఒకటి పెట్టారు. ప్రభుత్వ సంస్థలు ఇచ్చే జీతాల మీద వేసిన పన్నులోంచి దానికి డబ్బు వచ్చేది. అప్పుడు పోలండ్‌లో సైనిక పాలన నడుస్తోందని గుర్తు పెట్టుకోవాలి. వీధుల్లో టాంకులు, మరోపక్క కళకి కొత్త నిధి. మేధావులు అలిగి ఉన్నారు కాబట్టి వాళ్లని బుజ్జగించాల్సిన అవసరం సర్కారుకి పడింది. ఇక ఫ్యాక్టరీలకి సొంత సంస్కృతీ భవనాలు ఉండేవి. సాయంత్రం షిఫ్టు దిగిన కార్మికుడి పిల్లలు అక్కడే సంగీతం, డాన్సు, ఫొటోగ్రఫీ నేర్చుకునేవాళ్లు. రచయితల సంఘంలో సభ్యత్వం ఉంటే సెలవుల్లో ఉండటానికి విడిది గృహం, ఇల్లు దొరకడంలో సాయం, చివర్లో పింఛను. ఆ సభ్యత్వం ఊడిందంటే ఇవన్నీ ఊడినట్టే. సెన్సారు ఆఫీసరు ఎర్ర పెన్సిలు కన్నా ఈ భయమే ఎక్కువమంది నోరు కట్టేసింది.

పోలండ్‌లో సెన్సారు ఆఫీసు వార్సాలో మిసియా వీధిలో ఉండేది. ఆ వీధి పేరే సెన్సారుకి మారుపేరు అయిపోయింది. 1990 ఏప్రిల్‌లో పార్లమెంటు చట్టం చేసి దాన్ని రద్దు చేసింది. అదే ఏడాది మార్చిలో, దేశంలోని పత్రికల్లో అధికభాగాన్ని చేతిలో పెట్టుకున్న పార్టీ ప్రచురణ సంస్థని మూసి ఆస్తులు అమ్మే చట్టం వచ్చింది. గ్రంథాలయాలు, సంస్కృతీ భవనాలు చాలావరకు 'గ్మీనా' అనే స్థానిక సంస్థల చేతికి వెళ్లాయి. మన పంచాయతీ, మునిసిపాలిటీల లాంటివి అవి. సంస్కృతి అభివృద్ధి నిధి 1990తో ముగిసింది. ఒక్క ఏడాదిలో ఇంత జరిగింది.

ఇదంతా చేసిన మంత్రి ఎవరో చెబితే ఆశ్చర్యం వేస్తుంది. తొలి కమ్యూనిస్టేతర ప్రధాని మజొవియెత్స్కి ప్రభుత్వంలో సంస్కృతి శాఖ చూసిన ఇజబెల్లా త్సివిన్‌స్కా స్వయంగా నాటక దర్శకురాలు. సైనిక పాలన పెట్టినప్పుడు నిర్బంధంలో ఉన్న మనిషి. ఆ తర్వాత 1993లో ఆ కుర్చీలో కూర్చున్న కజిమియెష్ దెయ్‌మెక్ కూడా దర్శకుడే. 1968లో వార్సా నేషనల్ థియేటర్‌లో ఆయన ఆడించిన, పోలిష్ మహాకవి మిత్స్కెవిచ్ రాసిన నాటకాన్ని ప్రభుత్వం ఆపేసినందుకే విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. అప్పటి చెకొస్లోవాకియా అధ్యక్షుడు వాత్స్‌లావ్ హావెల్ నాటక రచయిత. అప్పటి హంగరీ అధ్యక్షుడు ఆర్పాద్ గొంత్స్ రచయిత, అనువాదకుడు. 1956 తిరుగుబాటు తర్వాత యావజ్జీవ శిక్ష పడి జైల్లోనే ఇంగ్లిషు నేర్చుకుని అనువాదాలు మొదలుపెట్టాడు. కళాకారులు ఇంతమంది ఒకేసారి గద్దె ఎక్కిన సందర్భం ఐరోపా చరిత్రలో అరుదు. కళకి వచ్చే డబ్బు అంత వేగంగా తగ్గిన కాలం కూడా వాళ్ల హయామే.

వాళ్లు కళని మరిచిపోయారనుకోవడం అన్యాయం. ఖజానా ఖాళీగా ఉంది, ధరలు ఆకాశంలో ఉన్నాయి. 1990 జనవరి ఒకటిన పోలండ్‌లో చాలా ధరల మీద అదుపు ఎత్తేశారు. ఆసుపత్రికా, ఒపేరాకా అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఒపేరా వైపు నిలబడటం ఏ మంత్రికీ సాధ్యం కాదు. ఇంకో కారణం ఆలోచనలో ఉంది. రాజ్యం కళ జోలికి రాకూడదని నలభై ఏళ్లు పోరాడినవాళ్లు, అధికారంలోకి రాగానే 'రాజ్యం కళకి ఇంత డబ్బు ఇవ్వాలి' అని వాదించడానికి మొహమాటపడ్డారు. మార్కెట్ చూసుకుంటుందన్న నమ్మకం అప్పటి గాలిలోనే ఉంది.

మార్కెట్ ఏం చూసుకుందో పుస్తకాల్లో తెలిసింది. తూర్పు జర్మనీలో 1990 దాకా కొత్త పుస్తకం వస్తే దుకాణాల ముందు క్యూలు కట్టేవాళ్లు. మంచి రచయితల పుస్తకాలు కౌంటరు కింద దాచి తెలిసినవాళ్లకే ఇచ్చేవాళ్లు. 1991లో అవే పుస్తకాలు లక్షల సంఖ్యలో చెత్తదిబ్బల్లో పడ్డాయి. గోదాముల్లో పశ్చిమ జర్మనీ పుస్తకాలకి చోటు కావాలి, పాతవి అడిగేవాడు లేడు. ప్యాకింగు కూడా విప్పని కట్టలు లైప్‌జిగ్ ప్రాంతపు చెత్తదిబ్బలో పడి ఉన్నాయని తెలిసి, పశ్చిమాన కాట్లెన్‌బుర్గ్ అనే చిన్న ఊరి పాస్టర్ మార్టిన్ వెస్కోట్ వాటిని బళ్లలో వేయించుకుని తన చర్చి ఆవరణలో చేర్చాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక వచ్చినవాళ్లు పుస్తకాలు తీసుకుని తోచినంత విరాళం ఇచ్చి వెళ్లేవాళ్లు. ఆ చెత్తలో ఉన్నవి పార్టీ ప్రసంగాలు మాత్రమే కాదు. గొప్ప సాహిత్యమూ ఉంది, పార్టీని విమర్శించి తిట్లు తిన్నవాళ్ల రచనలూ ఉన్నాయి. మార్కెట్ కత్తెరకి ఆ తేడా తెలియదు.

జర్మనీ ఏకీకరణ ఒప్పందం 35వ అధికరణంలో తూర్పు ప్రాంతపు సాంస్కృతిక సంపదకి నష్టం జరగకూడదని రాసుకున్నారు. కొన్నేళ్లు కేంద్రం ప్రత్యేకంగా డబ్బు కూడా ఇచ్చింది. అందుకే అక్కడి థియేటర్లు, వాద్యబృందాలు పోలండ్, రష్యాల్లో కన్నా మెరుగ్గా బతికాయి. అయినా ఫ్యాక్టరీతో ముడిపడిన సంస్కృతీ భవనాలని ఆ అధికరణం కాపాడలేకపోయింది. ఫ్యాక్టరీని అమ్మకానికి పెట్టినప్పుడు కొనేవాడికి యంత్రాలు కావాలి, కార్మికుల నృత్యబృందం ఎందుకు?

రష్యా కథ ఇంకా విడ్డూరం. గొర్బచోవ్ కాలంలో నిషిద్ధ రచనలు ఒక్కొక్కటే అచ్చవుతుంటే జనం వెర్రెత్తినట్టు చదివారు. సోల్జెనిత్సిన్‌ని అచ్చువేసిన 'నోవీ మిర్' మాసపత్రిక సర్క్యులేషన్ 1990లో 27 లక్షలకి దగ్గరగా వెళ్లింది. సాహిత్య పత్రిక అది, రంగుల బొమ్మలు ఉండవు, పేజీలకి పేజీలు నవలలు, కవితలు, వ్యాసాలు. తొంభైల మధ్యకి వచ్చేసరికి అదే పత్రిక పదుల వేలకి పడిపోయింది. ధరలు పెరగడం, జనం చేతిలో డబ్బు లేకపోవడం సగం కారణం. మిగతా సగం, నిషేధమే ఆ పత్రికకి పెద్ద ప్రచారకర్తగా పనిచేయడం. వార్తాపత్రికలో రాయలేనిది కవితలో దాచి చెబుతుంటే కవిత చదవాలి. పేపర్లోనే నేరుగా రాస్తుంటే, టీవీలో అరుస్తుంటే, కవిత దాకా వెళ్లేవాళ్లు ఎప్పుడూ ఉండే కొద్దిమందే. రచయిత ప్రవక్త స్థానం నుంచి మామూలు మనిషిగా దిగొచ్చాడు. ఈ మార్పుని ఏ సాంస్కృతిక విధానమూ ఆపలేదు, ఆపాల్సిన పనీ లేదు.

రష్యా సినిమాకి మాత్రం దెబ్బ విధానం వల్లే తగిలింది. 1990 ప్రాంతంలో ఏడాదికి సుమారు 300 సినిమాలు తీసిన దేశం, 1996లో 30 కూడా తీయలేకపోయింది. ఆ 300లో చాలావరకు కొత్తగా డబ్బు చేసుకున్నవాళ్లు నల్లధనం తెల్లగా మార్చుకోవడానికి తీసినవే అన్నది వేరే సంగతి. సినిమా హాళ్లు కార్ల షోరూములుగా, ఫర్నిచరు దుకాణాలుగా మారాయి. 1992లో చేసిన సంస్కృతి చట్టంలో కేంద్ర బడ్జెట్‌లో కనీసం 2 శాతం, స్థానిక బడ్జెట్లలో 6 శాతం సంస్కృతికి కేటాయించాలని రాసుకున్నారు. కాగితం మీద ఇంత ఉదారమైన చట్టం పశ్చిమ ఐరోపాలో కూడా దొరకదు. ఒక్క ఏడాది కూడా ఆ మాట నిలబెట్టుకోలేదు. 2004లో ఆ వాక్యాలనే చట్టంలోంచి తీసేశారు.

ఈ కూలిపోవడం మన దాకా కూడా వచ్చింది. అది ఒక దేశపు సాంస్కృతిక విధానం ముగింపు అని మనవాళ్లు అప్పుడు అనుకోలేదు, అంతే. మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు తెలుగు పుస్తకాలు అచ్చువేసేవి. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి లాంటివాళ్లు మాస్కోలో ఉద్యోగం చేస్తూ అనువాదాలు చేశారు. విశాలాంధ్ర దుకాణాల్లో, సంచార పుస్తకశాల వ్యానుల్లో గట్టి అట్టల రష్యన్ నవల, పిల్లల బొమ్మల పుస్తకం నాలుగైదు రూపాయలకి దొరికేవి. 'సోవియట్ భూమి' పత్రిక నున్నటి కాగితం బడి పుస్తకాలకి అట్టలుగా వేసుకున్న తరం ఇప్పటికీ ఉంది. ఆ ధర అచ్చు ఖర్చుని బట్టి పెట్టిన ధర కాదు. అట్సేల్ చెప్పిన మొదటి 'ట' మాస్కో నుంచి అనంతపురం దాకా చాచిన చెయ్యి అది. 1991 తర్వాత ఆ చెయ్యి ఒక్కసారిగా వెనక్కి వెళ్లిపోయింది. నోరు నొక్కే చెయ్యి మాత్రం మన దాకా రాలేదు కాబట్టి, తెలుగువాడికి సోవియట్ సాంస్కృతిక విధానం అంటే తియ్యటి జ్ఞాపకమే మిగిలింది. అదే మాట పోలండ్ పాఠకుడి దగ్గర అంటే నవ్వుతాడు, లేదా కోప్పడతాడు.

తొంభైల మధ్య నుంచి ఈ దేశాలు మళ్లీ మొదటి గది కట్టుకోవడం మొదలుపెట్టాయి. ఈసారి తాళం మంత్రి చేతిలో ఉండకూడదన్నది పట్టుదల. డబ్బు ప్రజలది, ఎవరికి ఇవ్వాలో తేల్చేది కళారంగంలోని మనుషులు, మంత్రి వేలు పెట్టకూడదు. బ్రిటన్‌లో ఇలాంటి ఏర్పాటు రెండో ప్రపంచయుద్ధం ముగిసినప్పటి నుంచీ ఉంది.

వీటన్నిట్లో చక్కగా కుదిరింది ఎస్టోనియాది. 1920లలో అక్కడ ఒక సంస్కృతి నిధి ఉండేది. సోవియట్ ఆక్రమణలో పోయింది. దాన్ని 1994లో మళ్లీ బతికించారు. మద్యం, పొగాకు మీద ఎక్సైజు సుంకంలో కొంత శాతం, జూదం మీద పన్నులో కొంత నేరుగా ఆ నిధికి వెళ్లేట్టు చట్టం చేశారు. తాగేవాడు తాగుతూ ఉన్నంతకాలం కవికి సాయం అందుతుంది. హాస్యంగా అనిపించినా ఇందులో తెలివి ఉంది. ప్రతి ఏడాదీ బడ్జెట్ ముందు మంత్రి గుమ్మం దగ్గర నిలబడాల్సిన పని కళాకారులకి చాలావరకు తగ్గింది. పోలండ్ 2005లో సినిమా విషయంలో ఇదే దారి పట్టింది. టీవీ చానళ్లు, కేబుల్ సంస్థలు, సినిమా హాళ్లు, పంపిణీదారులు తమ ఆదాయంలో 1.5 శాతం కొత్తగా పెట్టిన ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌కి కట్టాలి. పదేళ్లలో పోలిష్ సినిమా మళ్లీ ప్రపంచ ఉత్సవాల్లో కనిపించడం మొదలైంది, 2015లో ఆస్కార్ కూడా అందుకుంది.

హంగరీ అందరికన్నా ముందు కదిలింది. 1993లోనే జాతీయ సంస్కృతి నిధి పెట్టి, సాంస్కృతిక వస్తువుల అమ్మకాల మీద చిన్న సుంకం వేసి, పంచే కమిటీల్లో కళారంగ సంఘాలు పంపినవాళ్లకి చోటిచ్చింది. 1996 చట్టంతో ఇంకో అడుగు వేసింది. తాను కట్టిన ఆదాయపు పన్నులో ఒక శాతం ఏ స్వచ్ఛంద సంస్థకి వెళ్లాలో పన్ను కట్టినవాడే రాసి ఇవ్వొచ్చు. గ్రంథాలయమైనా, మ్యూజియమైనా సరే. ఆ పద్ధతిని తర్వాత పోలండ్, స్లొవాకియా, రొమేనియా తీసుకున్నాయి. 2009లో మూడో కుళాయి తిప్పారు. కంపెనీలు తమ పన్నులో కొంత భాగాన్ని నచ్చిన నాటక సంస్థకి మళ్లించవచ్చు. అలా వచ్చే మొత్తం ఆ సంస్థ టికెట్ల ఆదాయంలో 80 శాతానికి మించకూడదు. దీనివల్ల మంత్రికి గిట్టని చిన్న నాటక బృందాలు కూడా ఊపిరి పీల్చుకున్నాయి. లేని ప్రేక్షకులకి టికెట్లు అమ్మినట్టు లెక్కలు చూపించిన ఘనులూ బయల్దేరారు.

కాగితం మీద ఇంత గట్టి కట్టడం ఇంకో దేశంలో లేదు. మళ్లీ అన్నిటికన్నా తేలిగ్గా విప్పగలిగిందీ హంగరీలోనే.

2010లో విక్టర్ ఓర్బాన్ మూడింట రెండొంతుల మెజారిటీతో వచ్చాడు. ఆ మెజారిటీతో అక్కడ రాజ్యాంగమే మార్చవచ్చు, మార్చాడు కూడా. 1992లో ఇమ్రె మకొవెత్స్ అనే ఆర్కిటెక్టు, ఆయన మిత్రులు కలిసి పెట్టుకున్న ఒక ప్రైవేటు కళా అకాడమీ ఉండేది. సంప్రదాయవాదులు, జాతీయవాదుల సంఘం అది. కొత్త రాజ్యాంగంలో దాని పేరు చేర్చి ప్రభుత్వ సంస్థగా మార్చారు. సభ్యులకి నెలనెలా భత్యం, బుడాపెస్ట్ నడిబొడ్డున పేరున్న ప్రదర్శనశాల మూచార్నోక్ దాని చేతికి. రచయితల సంఘంలో సభ్యత్వం అంటే విడిది గృహం, పింఛను అన్న రోజులు గుర్తున్న ముసలివాళ్లకి ఇది కొత్తగా అనిపించి ఉండదు.

పోలండ్‌లోనూ ఇలాంటిదే నడిచింది, కాకపోతే పోరు మ్యూజియంల మీద సాగింది. గ్దాన్‌స్క్‌లో రెండో ప్రపంచయుద్ధ మ్యూజియం 2017 మార్చిలో తెరిచారు. అందులో పోలిష్ వీరగాథ సరిపోలేదని, ప్రపంచ ప్రజల బాధల గురించే ఎక్కువ ఉందని అప్పటి ప్రభుత్వం అభ్యంతరం. మరుసటి నెలలోనే డైరెక్టరు పదవి పోయింది, తర్వాత ప్రదర్శనలో మార్పులు జరిగాయి. 2023 చివర్లో ప్రభుత్వం మారింది. 2024లో మొదటి ప్రదర్శన తయారుచేసినవాళ్లలో ఒకరు డైరెక్టరుగా వచ్చి పాతవి కొన్ని తిరిగి పెట్టించారు. ప్రభుత్వం మారినప్పుడల్లా యుద్ధ చరిత్ర మారే మ్యూజియం అన్నమాట. రష్యా సంగతి సరేసరి. 'ఏ సిద్ధాంతాన్నీ ప్రభుత్వ సిద్ధాంతంగా నిలబెట్టరాదు' అని 1993 రాజ్యాంగంలో రాసుకున్న దేశం, 2014 డిసెంబరులో అధ్యక్షుడి ఉత్తర్వుతో రాజ్య సాంస్కృతిక విధానాన్ని ప్రకటించి, సంప్రదాయ విలువల్ని తరానికి తరం అందించడం అందులో లక్ష్యంగా పెట్టుకుంది.

కమ్యూనిస్టు అలవాటు నరాల్లో ఉండిపోయిందని వీటన్నిటికీ ఒక తేలిక వివరణ ఇస్తుంటారు. అది సరిపోదు. ఎస్టోనియాది కూడా ఆ గతమే. మరి అక్కడ నిధి స్వతంత్రంగా నిలిచింది, హంగరీలో అలా నిలవలేదు. తేడా అలవాటులో కన్నా, ఒక పార్టీ చేతికి ఎంత అధికారం చిక్కింది అన్నదాంట్లో ఉంది. ఎస్టోనియాలో దాదాపు ఎప్పుడూ సంకీర్ణాలే, ఏ ఒక్క పార్టీకీ సొంత మెజారిటీ దక్కలేదు. ఇతరుల చేతిలో పడుతుందన్న భయంతోనైనా ఆ కుళాయి మీద ఎవరూ చెయ్యి వేయరు. హంగరీలో ఓర్బాన్ పార్టీకి ఆ భయం కలిగించేవాళ్లు లేకుండా పోయారు. ఇంకోటి, తొంభైల్లో సెన్సారు రద్దుకి రాజ్యాంగంలో చోటు దొరికింది గానీ, నిధులు పంచే కమిటీలకి మామూలు చట్టమే ఆధారం. మొదటి దాన్ని ముట్టుకుంటే యూరప్ అంతా గోల చేస్తుంది. రెండోదాన్ని ఒక బడ్జెట్ బిల్లులో సర్దేయవచ్చు, పేపర్లో రెండో పేజీ వార్త.

హంగరీలో ఆ రెండోదాన్ని ముట్టుకున్నారు కూడా. నాటక సంస్థలకి కంపెనీలు పన్ను మళ్లించే పద్ధతిని 2018 చివర ఎత్తేశారు. దొంగ టికెట్ల లెక్కలు అందుకు సాకుగా బాగా పనికొచ్చాయి. బదులుగా డబ్బు ఇస్తామన్నారు, దరఖాస్తు మంత్రిత్వ శాఖకి పెట్టుకోవాలి. 2019 అక్టోబరులో బుడాపెస్ట్ మేయరు పదవి ప్రతిపక్షానికి దక్కింది. నగరంలోని పెద్ద థియేటర్లు చాలావరకు మునిసిపాలిటీవే. డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టం తెచ్చింది: రాజ్యం, నగరం కలిసి నడిపే థియేటర్లలో డైరెక్టరు నియామకం మీద మంత్రికి అధికారం ఉంటుంది. నటులు, ప్రేక్షకులు వేల సంఖ్యలో చలిలో వీధుల్లో నిలబడ్డారు. మరుసటి ఏడాది బుడాపెస్ట్‌లోని నాటక, సినిమా విశ్వవిద్యాలయాన్ని ప్రభుత్వం నియమించిన ఒక ఫౌండేషన్ చేతిలో పెట్టారు. ఆ ఫౌండేషన్‌కి అధ్యక్షుడు, అప్పుడు నేషనల్ థియేటర్ డైరెక్టరుగా ఉన్న అత్తిల విద్న్యాన్‌స్కి. విద్యార్థులు భవనం గుమ్మాలకి ఎరుపు తెలుపు టేపు చుట్టి సెప్టెంబరు మొదలు రెండు నెలలకి పైగా లోపలే ఉండిపోయారు. నవంబరులో కరోనా ఆంక్షలు వచ్చి ఖాళీ చేశారు. చాలామంది ఆ చదువు మానేసి ఉపాధ్యాయులతో కలిసి బయట సొంతంగా పాఠాలు మొదలుపెట్టారు, డిగ్రీలకి ఆస్ట్రియా, జర్మనీ లాంటి దేశాల విద్యాసంస్థల సాయం తీసుకున్నారు.

ఇంతా జరిగిన ఏడాదిలో హంగరీలో ఒక్క నాటకాన్ని కూడా సెన్సారు ఆఫీసు ఆపలేదు. ఆ ఆఫీసే లేదు మరి.